వడ్ల లారీ లోపలికి, బియ్యం లారీ బయటికి: సరుకు లెక్కకూ ఖాతాదారుల లెక్కకూ సాఫ్ట్‌వేర్ ఎంచుకునే పద్ధతి

సాఫ్ట్‌వేర్ కొనాలనుకోగానే అందరూ మొదలుపెట్టేది డెమోలతోనే. అది చివర చెయ్యాల్సిన పని. డెమోలో అన్నీ బాగానే ఉంటాయి. సరుకు సరిగ్గా వస్తుంది, లెక్క కుదురుతుంది, కొన్నవాడు గడువులోపే పైసలు కడతాడు. మిర్యాలగూడ మిల్లులోనో, దేవరకొండ ఎరువుల దుకాణంలోనో, వనపర్తి పల్లీ గోదాములోనో అలాంటి రోజు నెలకు ఒకటో రెండో దొరుకుతుంది. మిగతా రోజుల్లో తేమ ఎక్కువ ఉంటుంది, సంచులు తక్కువ పడతాయి, బిల్లు అయ్యాక రేటు మారుతుంది. ఎంపిక ఆ మిగతా రోజుల కోసం జరగాలి.

ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా రైసు మిల్లువి. పత్తి జిన్నింగ్ మిల్లుకూ, ఎరువులు, విత్తనాల డీలరుకూ, కిరాణా డిస్ట్రిబ్యూటరుకూ పద్ధతి ఇదే. తేడా వచ్చేచోట విడిగా రాశాం.

ముందు ఒక లారీ వెంట నడవండి

పోయిన వారం వచ్చిన ఒక వడ్ల లారీని ఎంచుకోండి. దానికి సంబంధించిన ప్రతి కాగితాన్ని బల్ల మీద పెట్టండి. కాటా చీటీ, తేమ శాతం రాసుకున్న కాగితం ముక్క, హమాలీ లెక్క, గోదాము రిజిస్టరు, బ్రోకరు పంపిన వాట్సాప్ ఫొటో, బిల్లు, బ్యాంకు ఎంట్రీ ఏదీ వదలొద్దు. తర్వాత తెల్లకాగితం మీద ఒక్కో అంకెకు నాలుగు సంగతులు రాయండి: అది మొదట ఎక్కడ పుట్టింది, ఎవరు రాశారు, ఎన్నిచోట్లకు ఎత్తి రాశారు, చివరికి ఎవరికి పనికొచ్చింది.

నికర బరువు ఒక్కటే కాటా చీటీలో, గోదాము పుస్తకంలో, కొనుగోలు రిజిస్టరులో, టాలీ అకౌంటింగు సాఫ్ట్‌వేర్‌లో నాలుగుసార్లు రాయడం చాలాచోట్ల కనబడుతుంది. ఎత్తిరాసిన ప్రతిసారీ తప్పు పడటానికి సందు దొరికినట్టే. సాఫ్ట్‌వేర్ నుంచి మొదట ఆశించాల్సింది, పుట్టినచోట ఒక్కసారి ఎక్కించిన అంకె మిగతా అన్నిచోట్లా తనంతట తానే కనబడటం.

ఇదే పని ఇంకో మూడింటికి చెయ్యండి: బయటికి పోయిన బియ్యం లారీ, తిరిగొచ్చిన సరుకు, సగం పైసలు కట్టి సగం ఆపిన ఖాతాదారు. నాలుగూ కలిపి రెండు రోజుల పని. ఆ రెండు రోజులు యజమానే కూర్చోవాలి. గుమాస్తా ఒక్కడికే వదిలేస్తే కాగితంలో ఉండాల్సిన పద్ధతి వస్తుంది గాని, నిజంగా నడిచే పద్ధతి రాదు.

అవసరాలు రాసేటప్పుడు 'స్టాకు నిర్వహణ బాగుండాలి' వంటి మాటలతో లాభం లేదు, ఏ కంపెనీ అయినా దానికి అవుననే అంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏ అంకె, ఎవరికి అన్నవి నాలుగూ వాక్యంలో ఉండాలి. 'రెండో కాటా (ఖాళీ లారీ తూకం) పడగానే నికర బరువు, సంచుల సంఖ్య గోదాము ఇన్‌చార్జి ఫోనులో కనబడాలి, అతను ఒప్పుకునే దాకా కొనుగోలు బిల్లు తయారు కాకూడదు.' ఇలాంటి వాక్యాలు పదిహేను చాలు. అరవై రాస్తే ఏది లేకపోతే పని ఆగుతుందో మీకే తెలియకుండా పోతుంది.

మిల్లు లెక్క తిరగేసిన లెక్క

బజారులో దొరికే తయారీ సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ భాగం కుర్చీ చేసే ఫ్యాక్టరీని మనసులో పెట్టుకుని రాసినవి. నాలుగు కాళ్లు, ఒక పలక, ఎనిమిది మేకులు కలిస్తే ఒక కుర్చీ. మిల్లులో జరిగేది దీనికి తిరగేసిన పని. ఒక్క సరుకు లోపలికి పోతే బియ్యం, నూకలు, తౌడు, ఊకగా విడిపోయి బయటికొస్తుంది. జిన్నింగులోనూ అంతే. పత్తి పోస్తే దూది బేలు ఒకపక్క, గింజలు ఇంకోపక్క, చెత్త మరోపక్క.

కాబట్టి అమ్మేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ఒక్క ముడిసరుకు నుంచి నాలుగు సరుకులు ఒకే ఎంట్రీలో తయారవుతాయా? వడ్లకు పెట్టిన ఖర్చును ఆ నాలుగింటి మీద నేను చెప్పిన శాతాల్లో పంచుతుందా? టాలీ ప్రైమ్‌లో మాన్యుఫాక్చరింగ్ జర్నల్ కింద కో-ప్రొడక్ట్, బై-ప్రొడక్ట్, స్క్రాప్ అని విడివిడిగా పెట్టుకోవచ్చు. ఓడూ అనే సాఫ్ట్‌వేర్‌లో బై-ప్రొడక్టులకు ఖర్చులో వాటా శాతం ఇచ్చే వీలుంది. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఈ పని తెర మీద చేసి చూపించాలి, 'కస్టమైజ్ చేసిస్తాం' అంటే ఇప్పుడు లేదని అర్థం. ఖర్చు పంచకపోతే ఏమవుతుందంటే, మొత్తం ఖర్చు బియ్యం మీదే పడి బియ్యంలో లాభం తక్కువగా, తౌడు ఉచితంగా వచ్చినట్టు కనబడుతుంది. ఆ లెక్క చూసి బియ్యం రేటు నిర్ణయిస్తే బేరాలు పోతాయి.

రెండో చిక్కు తేమ. 17 శాతం తేమతో వచ్చిన వడ్లు 14 శాతానికి ఆరితే బరువు ఎంత తగ్గుతుంది? 3 శాతం అనుకుంటారు, కాదు. వంద కిలోల్లో నీళ్లు పోను 83 కిలోలు. ఆ 83 కిలోలు ఆరిన తర్వాతి బరువులో 86 శాతం కావాలి కాబట్టి 83ను 0.86తో భాగిస్తే 96.51 కిలోలు. అంటే క్వింటాలుకు దాదాపు మూడున్నర కిలోలు తగ్గాయి. 250 క్వింటాళ్ల లారీకి 8.72 క్వింటాళ్లు. 40 కిలోల సంచుల్లో చెప్పాలంటే ఇరవై రెండు సంచుల వడ్లు ఎవరూ దొంగిలించకుండానే మాయమవుతాయి. ఆరుదల నష్టాన్ని విడిగా ఎక్కించే చోటు లేని సాఫ్ట్‌వేర్‌లో ఈ వడ్లు పుస్తకంలో అలాగే ఉండిపోయి, సీజను చివర లెక్క తేలక గోదాము మనిషి మీద అనుమానం పడుతుంది.

మూడోది ఎవరి వడ్లు అన్న ప్రశ్న. సీఎంఆర్ (ప్రభుత్వ వడ్లను ఆడించి బియ్యంగా తిరిగిచ్చే పద్ధతి) కింద వచ్చిన వడ్లు మీ గోదాములో ఉన్నా మీవి కావు. వాటి పరిమాణం లెక్కలో ఉండాలి, విలువ మీ ఆస్తుల్లో ఉండకూడదు. 250 క్వింటాళ్లకు పచ్చిబియ్యం అయితే 67 శాతం చొప్పున 167.5 క్వింటాళ్లు, ఉప్పుడు బియ్యం అయితే 68 శాతం చొప్పున 170 క్వింటాళ్లు ఇంకా ఇవ్వాల్సి ఉందని ఏ రోజుకా రోజు తెలియాలి. ఒకే గోదాములో సొంత వడ్లూ ప్రభుత్వ వడ్లూ ఉన్నప్పుడు స్టాకును యజమాని వారీగా విడదీసి చూపే వీలు లేకపోతే, తనిఖీకి వచ్చిన రోజున తెర మీది అంకె, నిలువ ఉన్న నిట్టు (పేర్చిన సంచుల దొంతర) ఒకదానికొకటి పొంతన కుదరవు. ఈ ఒక్క కారణానికే మంచి పేరున్న సాఫ్ట్‌వేర్‌ను కూడా పక్కన పెట్టవచ్చు.

సంచి అనేది కొలత కాదు

వడ్ల సంచి 40 కిలోలు. బియ్యం సంచి 50, 26, 25. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50. పత్తి బేలు సుమారు 170 కిలోలు, కానీ ఏ రెండు బేళ్లూ సమానంగా తూగవు. 'సంచి'ని మూల కొలతగా పెట్టుకున్న రోజునే తప్పు మొదలవుతుంది. మూల కొలత ఎప్పుడూ కిలో. సంచి రెండో కొలత. బేలుకు, విత్తనాల లాటుకు, పురుగుమందు బ్యాచికి విడి నంబరు ఉండాలి. పురుగుమందులో గడువు తేదీ దగ్గరపడ్డ బ్యాచి ముందు పోయేలా చూపించాలి.

ఖాళీ గోనె సంచులు కూడా సరుకే. కొన్నవి, వాడినవి, తిరిగొచ్చినవి, చిరిగినవి అని వాటికి విడి ఖాతా తెరవండి. ఒక్కో గోనె 580 గ్రాములు అనుకుంటే 625 సంచుల లారీలో గోనె బరువే 362 కిలోలు దాటుతుంది. స్థూల బరువులోంచి లారీ ఖాళీ బరువు తీసేసి దాన్నే వడ్ల బరువుగా ఎక్కిస్తే, అంత గోనెకు వడ్ల రేటు కట్టినట్టవుతుంది. కాబట్టి కాటా తెరలో గోనె తరుగుకు ఒక గడి ఉండాలి.

వేబ్రిడ్జి తూకపు మీటరుకు చాలాచోట్ల ఆర్‌ఎస్-232 పోర్టు (కంప్యూటరుకు కేబులు తగిలించే చోటు) ఉంటుంది. అక్కడినుంచి బరువు నేరుగా కంప్యూటరుకు రావాలి, గుమాస్తా చేత్తో కొట్టకూడదు. చేత్తో కొట్టాల్సి వస్తే ఎవరు, ఎందుకు కొట్టారో కారణం అడిగి గుర్తుపెట్టుకోవాలి. కాటా పాతదైతే ఆ మీటరు మోడల్ నంబరు, వెనక పోర్టు ఫొటో తీసి అమ్మేవాళ్లకు ముందే పంపండి. కొన్నాక చూద్దాం అనుకుంటే ఈ ఒక్క కనెక్షను దగ్గరే నెల గడుస్తుంది.

పన్నుల దగ్గర రాజీ లేదు

2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ ఉంది. మన మిల్లుల నుంచి 26 కిలోల సంచులు పుట్టుకొచ్చింది ఆ తర్వాతే. అంటే ఒకే బియ్యం, ఒకే కుప్ప. 25 కిలోల సంచికి పన్ను బిల్లు, 26 కిలోల సంచికి బిల్ ఆఫ్ సప్లై, అంటే పన్ను లేని బిల్లు. సాఫ్ట్‌వేర్ ఈ తేడాను సంచి సైజును బట్టి తానే పట్టుకోవాలి. బిల్లు కొట్టేవాడి జ్ఞాపకం మీద వదలకూడదు.

2017-18 నుంచి ఏ ఏడాదైనా టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారానికి 2023 ఆగస్టు 1 నుంచి వ్యాపారుల మధ్య బిల్లులకు ఇ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) తప్పనిసరి. 10 కోట్లు దాటినవాళ్లు 2025 ఏప్రిల్ 1 నుంచి బిల్లు తేదీకి 30 రోజుల్లోపే పోర్టల్‌లో ఎక్కించాలి. పోర్టల్‌లో రద్దు చేసుకోవడానికి 24 గంటలే గడువు, తర్వాత క్రెడిట్ నోటు (బిల్లు మొత్తాన్ని తగ్గించే కాగితం) దారి పట్టాల్సిందే. పన్ను పడే సరుకు విలువ 50 వేలు దాటితే ఇ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం), అది 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుతుంది. ఇవన్నీ బిల్లు తెర నుంచే జరగాలి. వేరే వెబ్‌సైటు తెరిచి మళ్లీ కొట్టాల్సి వస్తే ఎత్తిరాత మళ్లీ మొదలైనట్టే.

మన నల్గొండ, పాలమూరు జిల్లాలకు ప్రత్యేకమైన ఇంకో సంగతి సరిహద్దులు. వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే ఆంధ్రప్రదేశ్, అలంపూర్ దగ్గర తుంగభద్ర దాటితే కర్నూలు, మక్తల్ దాటితే రాయచూరు. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, కర్ణాటకకు 29. ఆ రెండంకెలను చూసి లోపలి పన్నా, అంతర్‌రాష్ట్ర పన్నా అన్నది సాఫ్ట్‌వేరే తేల్చాలి. పదిహేను అక్షరాలు లేని నంబరును అసలు తీసుకోకూడదు.

పన్ను రేటుకు తేదీ కట్టి ఉండాలి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. రేటు మార్చగానే పాత బిల్లులు కూడా కొత్త రేటుకు మారిపోయే సాఫ్ట్‌వేర్ అయితే, ఆ ముందు రోజు అమ్మకానికి వచ్చిన వాపసు సరుకు దగ్గర లెక్క చెడుతుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే, ఆపివేయడానికి వీల్లేని ఎడిట్ లాగ్ ఉండాలన్నది కంపెనీల చట్టం నిబంధన. భాగస్వామ్య సంస్థకు ఆ నిబంధన లేదు, అయినా పెట్టుకోవడమే మేలు. ఆహార సరుకు బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు అచ్చు కావాలి.

ఎరువుల డీలర్లకు ఒక మాట. ఎరువుల అమ్మకం నమోదు చేసే, ఆధార్‌తో నడిచే పీఓఎస్ మిషనులో ఒక స్టాకు, మీ సాఫ్ట్‌వేర్‌లో ఒక స్టాకు ఉంటాయి. రెండూ తమంతట తాము కలిసిపోతాయని ఎవరైనా చెబితే చేసి చూపించమనండి. చూపించలేకపోతే రోజూ సాయంత్రం దుకాణం కట్టే ముందు రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసే చిన్న రిపోర్టు చేయించుకోండి. అది చాలు.

ఖాతాదారు, ఉద్దెర, ఫోను నంబరు

సీఆర్‌ఎం (ఖాతాదారుల లెక్క చూసే సాఫ్ట్‌వేర్) అనగానే లీడు, ఆపర్చునిటీ, పైప్‌లైను అని మొదలుపెడతారు. ఆ మాటలు మన వ్యాపారానికి అతకవు. మిల్లు వ్యాపారంలో మెట్లు వేరు: ఫోను వచ్చింది, శాంపిలు పంపాం, రేటు చెప్పాం, బ్రోకరు ఒప్పుకున్నాడు, లారీ కదిలింది, పైసలు వచ్చాయి. తెర మీద మెట్ల పేర్లను ఇలాగే మార్చుకునే వీలుండాలి. బ్రోకరుకు విడి గుర్తింపు కావాలి, ఎందుకంటే సరుకు తీసుకునేవాడు ఒకడు, రేటు ఖాయం చేసేవాడు ఇంకొకడు, కమీషను అడిగేవాడు ఆ రెండోవాడు.

ఖాతాదారును పేరుతో గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ మన ఊళ్లలో పనికిరాదు. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ముగ్గురు రైతులుంటారు. మొబైల్ నంబరే తాళంచెవి కావాలి, దాంతోపాటు ఊరు, తండ్రి పేరు, రెండో నంబరు. ఒకే నంబరు మీద తండ్రీ కొడుకులిద్దరికీ ఖాతాలుంటే హెచ్చరించాలి గాని అడ్డుకోకూడదు. పొరపాటున రెండుగా తెరిచిన ఖాతాలను, పాత బిల్లులు పోకుండా, ఒకటిగా కలిపే వీలు ఉందో లేదో డెమోలోనే చూడండి.

ఉద్దెర హద్దు ఎక్కడ ఆపుతుందన్నది చాలామంది పట్టించుకోని ప్రశ్న. బిల్లు దగ్గర ఆపితే అప్పటికే లారీ నిండి ఉంటుంది, హమాలీ కూలి పడి ఉంటుంది, డ్రైవరు తొందరపెడుతుంటాడు. ఆ స్థితిలో ఏ యజమానీ సరుకు దింపించడు, 'ఈసారికి వదిలెయ్' అంటాడు. ఆర్డరు రాసుకునేటప్పుడే ఆగాలి. దాటనివ్వాలంటే యజమాని ఫోనుకు అనుమతి అడుగుతూ మెసేజీ పోవాలి, అతను ఒప్పుకున్న సంగతి నమోదు కావాలి.

బాకీ వయసు చూపే రిపోర్టు అందరి దగ్గరా ఉంటుంది: 30 రోజులు, 60, 90, ఆపైన. మిల్లుకు ఇది సరిపోతుంది. ఎరువుల డీలరుకు సరిపోదు. జూన్‌లో ఇచ్చిన ఉద్దెర వానాకాలం పంట అమ్ముకున్నాకే వస్తుందని ఇద్దరికీ తెలుసు. మామూలు రిపోర్టు మాత్రం సెప్టెంబరుకల్లా ఊరంతటినీ ఎర్ర రంగులో చూపిస్తుంది. అన్నీ ఎర్రగా ఉంటే ఏదీ ఎర్రగా లేనట్టే. గడువును రోజుల్లో కాకుండా 'వానాకాలం', 'యాసంగి' అని సీజను మీద పెట్టే వీలుందా అని అడగండి.

ఫిర్యాదు వచ్చిన రోజు కోసం ఒక పరీక్ష ఉంది. 'నూక ఎక్కువ వచ్చింది' అని కొచ్చి నుంచి ఫోను వస్తుంది. సంచి మీది లాటు నంబరు చెబితే, అది ఏ రోజు ఆడింది, ఏ నిట్టు వడ్లు, అదే లాటు ఇంకా ఎవరికి పోయింది అన్నవి ఐదు నిమిషాల్లో తేలాలి. తేలకపోతే సరుకు లెక్కా ఖాతాదారుల లెక్కా రెండు వేర్వేరు పెట్టెల్లో ఉన్నాయని అర్థం. ఫిర్యాదు ఎవరో చేశారని రాసుకోవడానికైతే పుస్తకం చాలు.

మెసేజీల సంగతి ఒక ముక్క. వ్యాపార ఎస్‌ఎంఎస్‌లకు డీఎల్‌టీలో (టెలికం కంపెనీల నమోదు వేదిక) పేరు, టెంప్లేటు నమోదు చేయించాలి. ఇంగ్లిషు అక్షరాల్లో ఒక ఎస్‌ఎంఎస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగు లిపిలో 70 మాత్రమే. తెలుగులో కాస్త పొడుగ్గా రాస్తే ఒక్క మెసేజీకి రెండు మూడింటి ఖర్చు పడుతుంది. బాకీ మెసేజీని 70లోపు కుదించండి: పేరు, అంకె, తేదీ.

ఎవరికి ఏది నప్పుతుంది

ఒకే దుకాణం, ఒకటి రెండు గోదాములు, ఇప్పటికే టాలీ తెలిసిన గుమాస్తా ఉంటే టాలీ ప్రైమ్ మీదే కాటా, ఉద్దెర హద్దు యాడ్-ఆన్‌లు వేయించుకోవడం తెలివైన పని. బిజీ, మార్గ్ కూడా ఈ కోవలోవే. మందులు, ఎఫ్‌ఎంసీజీ డిస్ట్రిబ్యూటర్లు మార్గ్ వైపు మొగ్గడానికి కారణం బ్యాచి, గడువు తేదీ, స్కీముల లెక్క. ఏజెంట్లు ఊళ్లు తిరిగే వ్యాపారమైతే, ఫోను మీద పని ఎక్కువైతే జోహో బుక్స్, ఇన్వెంటరీ, సీఆర్‌ఎం మూడూ కలిపి తీసుకోవచ్చు. తయారీ ఉండి, నాలుగైదు గోదాములుండి, మార్పులు చేయించుకునే ఓపిక ఉంటే ఈఆర్‌పీనెక్స్ట్ లేదా ఓడూ. ఈఆర్‌పీనెక్స్ట్ ఓపెన్ సోర్సు, మనిషికింత అని లైసెన్సు లేదు. సర్వరుకూ అమర్చేవాళ్లకూ ఖర్చవుతుంది. ఓడూ కమ్యూనిటీ ఉచితమే కానీ అందులో బిల్లింగు వరకే ఉంటుంది, పూర్తి అకౌంటింగు ఎంటర్‌ప్రైజ్‌లో ఉంటుంది. ఈ సంగతి తెలియక 'ఉచితం' అని మొదలుపెట్టేవాళ్లున్నారు.

ఎస్‌ఏపీ బిజినెస్ వన్, డైనమిక్స్ 365 బిజినెస్ సెంట్రల్ వంటివి సొంత ఐటీ మనిషిని జీతమిచ్చి పెట్టుకోగలిగిన వ్యాపారాలకు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఉన్నటువంటి మందుల ఫ్యాక్టరీల ఎంపిక పూర్తిగా వేరు. అక్కడ ప్రతి బ్యాచి రికార్డూ తనిఖీకి నిలబడాలి, ఈ వ్యాసం వాళ్లకు చాలదు.

క్లౌడా, సొంత కంప్యూటరా? ఊరికి దూరంగా ఉన్న గోదాములో నిలబడి ఫోను సిగ్నలు చూడండి, జవాబు సగం అక్కడే దొరుకుతుంది. క్లౌడు తీసుకుంటే రెండు వేర్వేరు కంపెనీల నెట్ కనెక్షన్లు, కాటా గదికి యూపీఎస్ తప్పనిసరి. సొంత కంప్యూటరైతే రోజూ రాత్రి బ్యాకప్ వేరే భవనంలోకి పోవాలి. ఒకే బల్ల మీదున్న పెన్‌డ్రైవు బ్యాకప్ కాదు.

మూడేళ్ల ఖర్చు వెయ్యండి

లైసెన్సు ధర చూసి నిర్ణయిస్తే బోల్తా పడతారు. ఊహకు ఒక లెక్క చూద్దాం. ఎనిమిది మంది వాడకందార్లు, మనిషికి నెలకు 1,000 రూపాయలు అనుకుంటే 36 నెలలకు 2,88,000. అమర్చడానికి 2,50,000. మీ పద్ధతికి తగ్గ మార్పులకు 80,000. కాటా కనెక్షను, ప్రింటర్లు, యూపీఎస్‌లకు 70,000. శిక్షణకు 40,000. మొత్తం 7,28,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,31,040. కలిపి 8,59,040. ఇందులో లైసెన్సు వాటా దాదాపు 40 శాతమే.

ఆ జీఎస్టీ తిరిగొస్తుందనుకోవద్దు. మీ అమ్మకాల్లో ఎక్కువ భాగం పన్ను లేని బియ్యమైతే ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును సర్దుకునే వీలు) పన్ను పడే అమ్మకాల నిష్పత్తిలోనే దక్కుతుంది, మిగతాది ఖర్చే. మీ ఆడిటరుతో ఆ నిష్పత్తి ముందే వేయించండి.

డెమోలో మీ గుమాస్తా కీబోర్డు పట్టాలి

ఇప్పుడు డెమో. ముగ్గురికి మించి పిలవొద్దు. వారం ముందే మీ సొంత డేటా పంపండి: యాభై సరుకులు, వంద ఖాతాలు, ఒక వారం ఎంట్రీలు. డెమో రోజున కొట్టాల్సింది మీ మనిషి, వాళ్లు పక్కన నిలబడి చెప్పాలి.

తొలి పరీక్ష: బిల్లు అయ్యాక లారీ ఖాళీ బరువు 40 కిలోలు తప్పు పడిందని చెప్పి దిద్దించండి. పాత అంకె, దిద్దినవాడి పేరు, సమయం కనబడాలి. తర్వాత 620 సంచులు పంపితే 617 ముట్టాయని, క్వింటాలుకు 30 రూపాయలు తగ్గించమన్నారని చెప్పి క్రెడిట్ నోటు చేయించండి. సంచుల తేడా స్టాకులోకీ, రేటు తేడా ఖాతాలోకీ విడివిడిగా పోవాలి. రెండూ ఒకే అంకెగా పోతే ఆ మూడు సంచులు ఎక్కడున్నాయో ఎప్పటికీ తెలియదు.

యాభై సంచులే మిగిలి ఉండగా ఇద్దరు రెండు కంప్యూటర్ల మీద ఒకేసారి వాటికే బిల్లు కొట్టమనండి. రెండూ పాసైతే స్టాకు మైనస్‌లోకి పోయే సాఫ్ట్‌వేర్ అది. పావుగంట నెట్ వైరు పీకెయ్యండి. కాటా ఆగిందా, నెట్ రాగానే ఆ మధ్యలో పడ్డ చీటీలు క్రమం తప్పకుండా ఎక్కాయా చూడండి. ఒక చెక్కు బౌన్సు చేయించి బాకీ పాత తేదీతో తిరిగొచ్చిందా, కొత్త బాకీలా మొదలైందా గమనించండి. చివరగా ఖాతాదారుల జాబితా, స్టాకు, బాకీలు మొత్తం ఎక్సెల్‌లోకి మీ మనిషే దింపాలి. 'అది మేమే పంపిస్తాం, అడిగితే చాలు' అంటే, విడిపోదామనుకున్న రోజున మీ డేటా వాళ్ల చేతిలో ఉంటుందని అర్థం.

ఒప్పందంలో కూడా ఇదే రాయించండి: డేటా మాది, అడిగిన వారంలో ఎక్సెల్ రూపంలో ఇవ్వాలి. క్లౌడు ఖాతా, అడ్మిన్ లాగిన్ యజమాని ఈమెయిలు మీదే తెరవాలి, అమర్చే కుర్రాడి ఈమెయిలు మీద కాదు. పైసలు పని మెట్ల ప్రకారం ఇవ్వండి. చివరి పది శాతం మొదటి నెల స్టాకు లెక్క కుదిరాకే. చేయించిన ప్రతి మార్పూ వెర్షను మారినప్పుడు ఎవరి ఖర్చుతో నిలబెడతారో ముందే తేల్చుకోండి. మార్పులు ఎన్ని ఎక్కువైతే ఆ ముడి అంత బిగుస్తుంది.

పాత లెక్కలు ఎక్కించడం, మొదలుపెట్టే రోజు

పాత డేటా ఎక్కించేటప్పుడు చెడేవి ప్రతిచోటా ఇవే. ఎక్సెల్‌లో పదంకెల ఫోను నంబరు 9.84E+09 అని కుదించుకుపోతుంది, ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చండి. తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఫైలును యూటీఎఫ్-8లో దాచకపోతే ప్రశ్నార్థకాలు మిగులుతాయి. 5వ తేదీ 6వ నెల కాస్తా 6వ తేదీ 5వ నెల అవుతుంది. ముందు ఇరవై వరుసలు ఎక్కించి కళ్లతో సరిచూసి, తర్వాతే మొత్తం ఎక్కించండి. పదేళ్ల బిల్లులన్నీ మోసుకురావొద్దు. ముగింపు బాకీలు, బిల్లు వారీగా, చాలు. పాత సాఫ్ట్‌వేర్ ఒక కంప్యూటర్లో తెరిచి చూసుకునేలా ఉంచండి, జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి.

మొదలుపెట్టే రోజు ఏప్రిల్ 1 అని ఆడిటరు అంటాడు, పుస్తకాలకు అది సులువు. మిల్లుకు మాత్రం అప్పుడే యాసంగి వడ్లు వాలడం మొదలవుతుంది, కాటా దగ్గర లారీలు బారులు తీరిన రోజుల్లో కొత్త తెర నేర్చుకునే తీరిక ఎవరికీ ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానాకాలం వడ్లు. మిల్లుకు మధ్యలో దొరికే తెరిపి జూలై, ఆగస్టు. ఎరువుల డీలరుకు అది సరిగ్గా తిరగబడుతుంది, ఆ నెలల్లో దుకాణం ముందు వరుస ఉంటుంది. అతను ఫిబ్రవరి, మార్చిలో మొదలుపెట్టాలి. ఏడాది మధ్యలో మారితే ఆ రోజు వరకు ట్రయల్ బ్యాలెన్సు (అన్ని ఖాతాల నిల్వల పట్టిక) ఎక్కించుకోవాలి. ఆడిటరుకు ఒక రోజు పని ఎక్కువ, అంతే.

పాతదీ కొత్తదీ పక్కపక్కన రెండు వారాలు నడపండి. నెలకు మించితే గుమాస్తా కొత్తదాన్ని మానేసి పాతదాంట్లోనే కొడతాడు. ముప్పయ్యో రోజు సాయంత్రం కాటా ఆపి ప్రతి నిట్టునూ లెక్కపెట్టండి: సంచులు విడిగా, ఖాళీ గోనెలు విడిగా, తౌడు విడిగా. తేడా వస్తే 'సర్దుబాటు' అని ఒకే ఎంట్రీ కొట్టి కప్పేయొద్దు. ముందు ఆరుదల ఎంట్రీలు చూడండి, తర్వాత గోనె తరుగు, తర్వాత తిరిగొచ్చిన సరుకు. ఈ మూడింటిలోనూ దొరకని తేడాను మాత్రమే విడి కారణం రాసి, యజమాని ఒప్పుకోలుతో ఎక్కించండి. ఆఖరి పది శాతం చెక్కు ఆ తర్వాతే.